‘ట్రోల్’ అనే మాట ఎక్కడిది? వంతెన కింది రాక్షసుడిదేనా?

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. ఆన్‌లైన్‌లో జనాన్ని రెచ్చగొట్టేవాళ్లని ‘ట్రోల్’ అని ఎందుకంటారు, అది పాత కథల్లో వంతెన కింద కాపు కాసే రాక్షసుడి పేరేనా అన్నది మొదటిది. ఫ్లేమ్, బెయిట్, రేజ్ బెయిట్ లాంటి మాటలు ఎలా పుట్టాయన్నది రెండోది. నేను పదిహేనేళ్లుగా ఆన్‌లైన్ గణిత బృందాల్లో జవాబులు రాస్తున్నాను. అందులో కొన్నేళ్లు మోడరేటర్‌గా కూడా ఉన్నాను. ఈ మాటల వెంటపడి చదవడానికి నాకు సొంత కారణం ఒకటుంది, అదీ చెప్తాను.

ముందు సూటిగా జవాబు. ఆ మాట చేపల వేట నుంచి వచ్చింది. రాక్షసుడు తర్వాత వచ్చి చేరాడు.

ఇంగ్లీషులో ట్రోలింగ్ అనేది చేపలు పట్టే ఒక పద్ధతి. పడవ నెమ్మదిగా పోతుంటుంది. దాని వెనక పొడవాటి దారం, దారం చివర గాలం, గాలానికి ఎర. గట్టున కూర్చుని గాలం వేసేవాడు చేప వచ్చేదాకా ఓపిక పట్టాలి. ఇక్కడ ఎరే చేపలున్న చోటికి వెళ్తుంది. నీళ్లలో కదులుతూ పోయే ఎర ప్రాణమున్న చిన్న చేపలా కనిపిస్తుంది. ఎక్కడ తప్పించుకుపోతుందోనని పెద్ద చేప వెంటపడి మింగేస్తుంది. వల ఈడ్చుకుంటూ పోయే ‘ట్రాలింగ్’ వేరు, దాన్నీ దీన్నీ చాలామంది కలిపేస్తారు. వల వేస్తే దారిలో ఉన్నవన్నీ వచ్చి పడతాయి. గాలానికి మాత్రం చేప తనంతట తాను నోరు తెరవాలి. ఈ తేడా గుర్తుంచుకోండి, అసలు సంగతంతా అందులోనే ఉంది.

ఇంకా వెనక్కి వెళ్తే, పాత ఫ్రెంచిలో వేటగాళ్ల మాట ఒకటి ఉండేది. జంతువు ఎక్కడుందో తెలియకుండా దాన్ని వెతుక్కుంటూ తిరగడం అని దానర్థం. అది ఇంగ్లీషులోకి వచ్చి, 1600 ప్రాంతానికి కదిలే గాలంతో చేపలు పట్టడానికి పేరయింది. 1970ల మొదట్లో, వియత్నాం యుద్ధంలో, అమెరికా నౌకాదళం పైలట్లు మిగ్ విమానాల కోసం ట్రోలింగ్ చేస్తున్నామని అనుకునేవారు. అంటే శత్రువు విమానాలు బయటికి రావడం కోసం తమ విమానాలనే ఎరగా తిప్పడం. ఇంటర్నెట్ రాకముందే ఈ మాటకి ‘అవతలివాణ్ణి కవ్వించి బయటికి లాగడం’ అనే అర్థం ఉందన్నమాట.

ఇక ఇంటర్నెట్ దగ్గరికి వద్దాం. యూజ్‌నెట్ పేరు విన్నారో లేదో. డ్యూక్ యూనివర్సిటీలో చదువుకుంటున్న టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ 1979లో దాన్ని తలపెట్టారు, 1980లో అది నడవడం మొదలైంది. వెబ్ పుట్టడానికి పదేళ్ల ముందు మాట. అందులో జనం మెసేజ్‌లు రాసుకుంటూ చర్చించుకునేవారు, ఒక్కో విషయానికి ఒక్కో న్యూస్‌గ్రూప్ ఉండేది. వాటిలో ‘ఆల్ట్ డాట్ ఫోక్‌లోర్ డాట్ అర్బన్’ ఒకటి. జనం నోళ్లలో తిరిగే కట్టుకథలు, వాటిలో నిజమెంత అనేదే అక్కడి చర్చ. పుకార్లని ఆరా తీసే ‘స్నోప్స్’ వెబ్‌సైట్ పెట్టిన డేవిడ్ మికెల్సన్ కూడా ఆ గ్రూపు నుంచి వచ్చినవాడే.

ఆ గ్రూపులో 1990ల మొదట్లో పాతకాపులకి ఒక ఆట ఉండేది. వందసార్లు నలిగిన విషయాన్ని కొత్తగా కనిపెట్టినట్టు రాసేవారు. ఉదాహరణకి, ‘గాజు నిజానికి ద్రవం, అందుకే పాత చర్చిల కిటికీ అద్దాలు కింద మందంగా ఉంటాయి’ అని. అది తప్పని పాతవాళ్లందరికీ తెలుసు. ఆ కాలంలో అద్దాన్ని తయారుచేసే పద్ధతిలోనే ఒక పక్క మందం వచ్చేది, అంతే. రాసినవాడి పేరు చూడగానే పాతవాళ్లు విషయం గ్రహించి ఊరుకునేవారు. కొత్తగా వచ్చినవాడు మాత్రం ‘అయ్యో, ఈయనకి తెలియదు పాపం’ అనుకుని పేజీలకి పేజీలు వివరించేవాడు. దీనికే ‘ట్రోలింగ్ ఫర్ న్యూబీస్’ అని పేరు పెట్టుకున్నారు, అంటే కొత్తవాళ్ల కోసం గాలం వేయడం. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఈ అర్థానికి చూపించే తొలి ఉదాహరణ కూడా ఆ గ్రూపులోదే, 1992 నాటిది. హ్యాకర్లు (అప్పట్లో ఆ మాటకి దొంగలని కాదు, కంప్యూటర్లంటే పిచ్చి ఉన్నవాళ్లని అర్థం) తమ మాటల అర్థాలు రాసి పెట్టుకున్న జార్గన్ ఫైల్ కూడా ఈ మాట చేపల వేట నుంచి వచ్చిందనే చెప్తుంది.

గాలం మింగినవాడికి చివర్లో ఒక వరస చెప్పేవారు: నిన్ను ట్రోల్ చేశారు, నువ్వు ఓడిపోయావు, ఇక నీ రోజు బాగుండాలి. మూడు ముక్కలనీ మొదటి అక్షరాలకి కుదించి రాసేవారు. అప్పట్లో అది చాలావరకు లోపలివాళ్ల సరదా. తిట్లు లేవు, బెదిరింపులు లేవు. కానీ తెలియక సాయం చేయబోయినవాడి ఖర్చుతో నడిచిన సరదా అది, అందుకే నాకు దాని మీద పూర్తిగా మంచి అభిప్రాయం లేదు.

ఆ ఖర్చు ఏమిటో నాకు తెలుసు. చాలా ఏళ్ల క్రితం, నేను గణిత బృందంలో చేరిన కొత్తలో, ఓ రాత్రి పదింటికి ఒక కొత్త ఖాతా నుంచి పోస్టు వచ్చింది. ‘0.999… అని ఎన్ని తొమ్మిదులు రాసినా అది 1 కాదు. పుస్తకాలు అబద్ధం చెప్తున్నాయి. దమ్ముంటే నిరుపించండి.’ ‘రూ’కి దీర్ఘం లేదు. ఆ ‘దమ్ముంటే’ చూడగానే నాలో ఏదో లేచింది.

మొదట తేలికైన దారిలో వెళ్లాను. 1/3 అంటే 0.333…, దాన్ని మూడుతో హెచ్చిస్తే ఒక పక్క 1, ఇంకో పక్క 0.999… వస్తాయి. రెండు నిమిషాల్లో జవాబు: ‘1/3 కూడా 0.333…కి సమానం కాదు కదా సార్, మొదటి లైనే తప్పు.’ సరే, ఇంకో దారి. ఆ సంఖ్యని ఎక్స్ అనుకుందాం, పది ఎక్స్ అంటే 9.999…, అందులోంచి ఎక్స్ తీసేస్తే తొమ్మిది ఎక్స్ సమానం 9, కాబట్టి ఎక్స్ 1. మళ్లీ రెండు నిమిషాలు: ‘పదితో హెచ్చిస్తే చివర్లో సున్నా రాదా?’ చివర అనేదే లేదు బాబూ అని, అవధి అంటే ఏమిటో మొదటి నుంచి రాసుకొచ్చాను. మీరు ఎంత చిన్న తేడా చెప్పినా అంతకంటే దగ్గరికి రావచ్చు, కాబట్టి తేడా సున్నా తప్ప ఇంకోటి కాలేదు అని. గంట పట్టింది. దానికి వచ్చిన జవాబులో గణితం ఒక్క ముక్క లేదు. ‘మీరు కోపంగా ఉన్నట్టున్నారు. మీలాంటివాళ్ల వల్లే పిల్లలకి లెక్కలంటే భయం.’

రాత్రి రెండున్నరకి కూడా టైప్ చేస్తూనే ఉన్నాను. వేళ్లు వణుకుతున్నాయి. పొద్దున్నే ఒక పెద్దాయన, ఆ బృందంలో చాలాకాలంగా ఉన్నాయన, విడిగా మెసేజ్ పెట్టారు. అందులో మూడు లింకులు. వేరే మూడు బృందాల్లో అదే పోస్టు, అక్షరం పొల్లు పోకుండా, దీర్ఘం లేని ఆ ‘నిరుపించండి’తో సహా. ప్రతిచోటా నాలాంటివాళ్లు ఒకరో ఇద్దరో పొడుగాటి నిరూపణలు రాసి ఉన్నారు. పెద్దాయన కింద ఒక్క మాట రాశారు: ‘మీ ప్రూఫ్ బాగుందండీ. కానీ ఎర మింగారు.’

ఆ మాట పట్టుకునే నేను ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

ఇప్పుడు రాక్షసుడి సంగతి. నార్వే, స్వీడన్, ఐస్‌లాండ్ దేశాల పాత కథల్లో ట్రోల్ అంటే కొండల్లో గుహల్లో ఉండే వికారమైన జీవి. అది పాత నార్స్ భాష మాట, చేపల వేట మాటతో దీనికి సంబంధం లేదు. స్పెల్లింగ్ ఒకటే కావడంతో రెండూ కలిసిపోయాయి. మొదట ట్రోల్ అంటే చేసే పని, లేదా ఆ పోస్టు. తర్వాత తర్వాత ఆ పని చేసే మనిషిని కూడా ట్రోల్ అనడం మొదలైంది. మనిషి అనగానే జనం మనసులో ఆ వికారపు రూపం వచ్చి కూర్చుంది. చీకట్లో దాక్కుని దారినపోయేవాళ్ల మీద పడే జీవి, పోలిక అంత చక్కగా కుదిరింది మరి. ‘ట్రోల్‌కి మేత వేయకండి’ అనే సలహా కూడా ఈ రూపానికే అతుకుతుంది. 2008లో కార్లోస్ రామిరెజ్ అనే కాలేజీ కుర్రాడు మామూలు పెయింట్ ప్రోగ్రామ్‌లో గీసిన ‘ట్రోల్‌ఫేస్’, చెవుల దాకా సాగిన ఆ ముడతల నవ్వు, లోకమంతా తిరిగాక ఇక గాలాన్ని తలుచుకునేవాళ్లు తగ్గిపోయారు.

నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు. గాలం అన్నప్పుడు మనం ఎర వైపు చూస్తాం. రాక్షసుడు అన్నప్పుడు మనిషి వైపు చూస్తాం, వాడెవడో పుట్టుకతోనే వేరే జాతి అనుకుంటాం. 2017లో స్టాన్‌ఫర్డ్, కార్నెల్ పరిశోధకులు 667 మందితో ఒక ప్రయోగం చేశారు. కొందరికి తేలిక పరీక్ష, కొందరికి కష్టమైన పరీక్ష పెట్టి, తర్వాత ఒక వార్త కింద వ్యాఖ్య రాయమన్నారు. కొందరికి ముందే మామూలు వ్యాఖ్యలు కనిపించాయి, కొందరికి రెచ్చగొట్టేవి. పరీక్ష తేలికై, పై వ్యాఖ్యలు మామూలుగా ఉన్నప్పుడు 35 శాతం మంది ట్రోల్ తరహా వ్యాఖ్యలు రాశారు. పరీక్ష కష్టమై, పై వ్యాఖ్యలు కూడా చెడ్డవైతే అది 68 శాతానికి చేరింది. వాళ్లు రాక్షసులు కాదు, చిరాకులో ఉన్న మామూలు మనుషులు.

ఫ్లేమ్ అనే మాట ట్రోల్ కంటే పాతది. కోపంతో రాసే మెసేజ్‌ని హ్యాకర్లు ఫ్లేమ్, అంటే మంట, అనేవారు. అలాంటి మంట రాజేయడానికే వేసే పోస్టు ఫ్లేమ్‌బెయిట్ (బెయిట్ అంటే ఎర), రెండు పక్కలా మండిపోతే ఫ్లేమ్ వార్. 1995లో నెట్ మర్యాదల మీద వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1855 అనే పత్రంలోనే, ఎవరైనా కవ్వించినా సరే ఇలాంటి మెసేజ్‌లు పంపొద్దని రాశారు. మన భాషలో కూడా ఈ పనికి వేడి మాటలే ఉండటం గమనించారా? ఉడికించడం, ఉడుక్కోవడం, ఒళ్లు మండటం, గొడవ రాజేయడం. ఎవరూ ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోలేదు, కోపం వస్తే ఒళ్లు వేడెక్కుతుంది కాబట్టి అందరికీ అదే తట్టింది.

చేపల సంగతి కూడా అంతే, నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది అదే. జపాన్‌లో 1999లో మొదలైన ‘2చానెల్’ అనే చర్చావేదికలో ఇలాంటి పోస్టుని ‘త్సురి’ అంటారు. అంటే గాలంతో చేపలు పట్టడం. అక్కడ అక్షరాలతో, గీతలతో గీసిన ఎలుగుబంటి బొమ్మ ఒకటి ప్రసిద్ధం. ‘ఇలాంటి ఎరకి నేను పడతానా’ అంటూనే అది గాలం వైపు జారుకుంటూ వెళ్తుంటుంది. కొరియన్లు ‘నక్సి’ అంటారు, దానికీ అర్థం చేపలు పట్టడమే. గాలం మింగినవాడు ‘నేను చిక్కాను’ అని ఒప్పుకుంటాడు. పాస్‌వర్డులు కొట్టేసే ‘ఫిషింగ్’ కూడా ఈ చేపల వేట పేరే, స్పెల్లింగ్ మాత్రమే మార్చారు. అన్నిచోట్లా గాలమే ఎందుకు తట్టిందంటే, బలవంతం లేకుండా అవతలివాడి ఆత్రంతోనే వాణ్ణి పట్టే పని అదొక్కటే కదా. తెలుగులో కూడా మనం ‘గాలం వేస్తున్నాడు’, ‘ఎర వేస్తున్నాడు’ అని ఎప్పటి నుంచో అంటున్నాం. దగ్గరి మాటలు ఇంకా ఉన్నాయి గానీ అర్థాలు వేరు. కయ్యానికి కాలు దువ్వేవాడు బాహాటంగానే వస్తాడు, గాలం వేసేవాడు అమాయకుడిలా వస్తాడు. పుల్లలు పెట్టేవాడు ఇద్దరి మధ్య తగవు పెట్టి తాను పక్కకి తప్పుకుంటాడు. గిల్లడం, కెలకడం కొంత దగ్గరగా వస్తాయి.

తెలుగులో ‘ట్రోల్ చేయడం’ అనే మాట మాత్రం ఇంకో దారి పట్టింది. మనం దాన్ని ఎక్కువగా ‘పదిమంది కలిసి ఒకరిని మీమ్‌లతో ఎగతాళి చేయడం’ అనే అర్థంలో వాడుతున్నాం. ‘ఆ హీరోని ట్రోల్ చేస్తున్నారు’ అంటే ఎవరూ ఆయనకి ఎర వేయడం లేదు, గుంపుగా నవ్వుతున్నారు. ఇంగ్లీషులో కూడా అర్థం ఇలాగే వ్యాపించింది. 2011లో బ్రిటన్‌లో, చనిపోయిన పిల్లల స్మారక పేజీల్లో వెక్కిరింతలు రాసిన ఒకతనికి 18 వారాల జైలు శిక్ష పడింది. పత్రికలు అతన్నీ ట్రోల్ అనే రాశాయి. గాజు కిటికీ గురించి అబద్ధపు ప్రశ్న వేసినవాడికీ, బిడ్డ పోయిన తల్లిని ఏడిపించినవాడికీ ఒకటే పేరు. నాకిది అన్యాయంగా అనిపిస్తుంది. రెండోదాన్ని వేధింపు అనాలి. ట్రోలింగ్ అంటే దాని బరువు సగం తగ్గిపోతుంది, ‘ఏదో సరదాకి చేశాడులే’ అన్నట్టు వినిపిస్తుంది.

కొత్త మాటల్లో రెండు చెప్తాను. ‘సీలయనింగ్’ అనేది 2014లో వచ్చిన ఒక వెబ్ కామిక్ నుంచి పుట్టింది. అందులో ఒక సముద్ర సింహం ఒక జంట వెంటపడి, ఎంతో మర్యాదగా, ‘మీరన్నదానికి ఆధారం చూపించండి’ అంటూ వాళ్ల పడకగది దాకా వస్తుంది. ఎంత చెప్పినా తృప్తి పడకుండా, గొంతు పెంచకుండా, అవతలివాళ్ల ఓపిక చచ్చేదాకా అడగడమన్నమాట. చివరికి విసుక్కున్న మనమే చెడ్డవాళ్లం అవుతాం. ఆ రాత్రి నాకు జరిగింది కూడా సగం ఇదే.

రెండోది ‘రేజ్ బెయిట్’. ఆక్స్‌ఫర్డ్ దీన్ని 2025 సంవత్సరపు పదంగా ఎంచుకుంది. వాళ్లు చెప్పిన ప్రకారం ఈ మాట ఆన్‌లైన్‌లో మొదట కనిపించింది 2002లో, అదీ యూజ్‌నెట్‌లోనే. వెనక కారువాడు దారి ఇమ్మని లైట్లు కొడితే ముందు డ్రైవర్‌కి వచ్చే కోపం గురించి అప్పుడు వాడారు. ఇప్పుడైతే జనానికి కోపం తెప్పించి వ్యూస్, కామెంట్లు రాబట్టుకోవడానికి కావాలని చేసే పోస్టు, వీడియో. పాత ఆటకీ దీనికీ అసలు తేడా డబ్బు. యూజ్‌నెట్‌లో గాలం వేసినవాడికి దక్కేది నలుగురు స్నేహితుల నవ్వు. ఇప్పుడు మీరు కోపంగా ‘ఇది తప్పు’ అని రాసే ప్రతి కామెంటూ ఆ వీడియోని ఇంకొంతమందికి చేరుస్తుంది. చేప గాలం ఉమ్మేసినా పట్టినవాడికి కూలి గిట్టుతోంది.

నా సొంత కారణం అన్నాను కదా, అందులో సగమే చెప్పాను. గాలం మింగిన కొన్నేళ్లకి నేను మోడరేటర్ అయ్యాను. ఒక రోజు కొత్త ఖాతా నుంచి ప్రశ్న: ‘0.999… అనేది 1 ఎలా అవుతుంది? ఎంత చదివినా నమ్మబుద్ధి కావడం లేదు.’ నేను రెండో లైను కూడా సరిగ్గా చదవలేదు. ‘ఈ ట్రోలింగ్ ఇక్కడ కుదరదు’ అని రాసి ప్రశ్నకి తాళం వేశాను. రెండు రోజుల తర్వాత విడిగా మెసేజ్ వచ్చింది. పదో తరగతి పిల్ల. ‘సార్, నేను అడిగింది తప్పా? స్కూల్లో అడిగితే బట్టీ పట్టమన్నారు, అందుకే ఇక్కడికి వచ్చాను.’

ఆ ‘తప్పా’ చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నేను పేరు పెట్టింది ఒక ప్రశ్నకి కాదు, ఒక పిల్లకి. ఆ రాక్షసుడి బొమ్మ నా బుర్రలో లేకపోయి ఉంటే కనీసం ఆ వాక్యం పూర్తిగా చదివేవాణ్ణి.

అప్పటి నుంచి నేను చూసేది రెండో ప్రశ్నని. మొదటి ప్రశ్నలో ఎవరు ఎవరో తెలియదు. ఎర వేసేవాడు చాలాసార్లు మీ జవాబుని ముట్టుకోడు, రెండోసారి మీ కోపం గురించో, మీ చదువు గురించో మాట్లాడతాడు. నిజంగా అడిగేవాళ్లు మీ జవాబులోనే ఎక్కడో ఒకచోట ఆగి, అక్కడి నుంచి అడుగుతారు. అందుకే మొదటి ప్రశ్నకి ఎప్పుడూ జవాబు రాస్తాను, ‘దమ్ముంటే’ అని ఉన్నా సరే. రెండోదాన్ని బట్టి ఆగాలో సాగాలో తేల్చుకుంటాను.

ఆ పిల్లకి క్షమించమని రాశాను. ప్రశ్నకి తాళం తీసి, ఆ రాత్రి రాసిన అవధి నిరూపణనే ఇంకా తేలిక చేసి, కింద పెట్టాను. మర్నాడు ఆమె రెండో ప్రశ్న వచ్చింది: ‘అయితే సార్, ఒకే సంఖ్యని రెండు రకాలుగా రాయొచ్చన్నమాట. 0.5ని కూడా అలా రాయొచ్చా?’

0.4999… అని రాసి పంపాను.